సర్వే పూర్తికాకుండానే హరికేన్ నష్టం లెక్క ఎలా తేలుతుంది?

సివిల్ విద్యార్థి:
2025 అక్టోబరు 28న మెలిస్సా హరికేన్ గంటకు సుమారు 295 కిలోమీటర్ల గాలులతో జమైకా నైరుతి తీరాన్ని తాకింది. కొన్ని వారాలు తిరక్కుండానే భౌతిక నష్టం 880 కోట్ల డాలర్లనీ, అది 2024 నాటి ఆ దేశ జీడీపీలో 41 శాతమనీ ప్రపంచ బ్యాంకు, ఇంటర్-అమెరికన్ అభివృద్ధి బ్యాంకు ప్రకటించాయి. ఇల్లిల్లూ తిరిగి చూడకుండా ఈ అంకె ఎలా వచ్చింది?

గాలిమర:
ఈ పద్ధతిని ‘గ్రేడ్’ అంటారు. మొదట తుపాను మార్గం, కేంద్ర పీడనం, విమానాలూ వాతావరణ కేంద్రాలూ కొలిచిన వేగాల ఆధారంగా ఏ ప్రాంతంలో ఎంత గాలి వీచిందో పటం గీస్తారు. దాని మీద జనాభా లెక్కల నుంచి, ఉపగ్రహ చిత్రాల నుంచి ముందే కూర్చుకున్న కట్టడాల వివరాలను పరుస్తారు. అసలు కీలకం ఆ తరువాతి మెట్టులో ఉంది: ఫలానా వేగానికి ఫలానా రకం ఇంటి విలువలో ఎంత శాతం పోతుందో చెప్పే వక్రరేఖలు. గాలి ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది కనుక, వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. కాంక్రీటు స్లాబు ఇంటికి కిటికీలు మాత్రమే పగిలే గాలిలో, పక్కనున్న జింకు రేకుల కప్పు మొత్తంగా లేచిపోవచ్చు. చివరగా ఆ శాతాన్ని తిరిగి కట్టేందుకు అయ్యే ఖర్చుతో గుణిస్తారు.

పాత సర్వేయరు:
గాలిమర గారు చెప్పినది సరైనదే కానీ, నా అనుభవంలో పొరపాటు ఎక్కువగా గాలి లెక్కలో కాదు, చదరపు మీటరుకు వేసే ఖర్చులోనూ పాతబడిన జనాభా లెక్కల్లోనూ దొర్లుతుంది. పైగా ఉపగ్రహానికి కప్పు కనిపిస్తుంది గానీ, ఆ కప్పు కింద నడుములోతు ఉప్పునీరు నిలిచి పాడైన వైరింగు కనిపించదు. ఇంకొక మాట: 880 కోట్లు ఆస్తులకు జరిగిన నష్టం మాత్రమే. హోటళ్లు మూతపడి పోయిన ఆదాయం అందులో లేదు. చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తున్నారు.

సివిల్ విద్యార్థి:
ధన్యవాదాలండీ. అలాగైతే ఈ అంచనాతోనే బాధితులకు పరిహారం పంచవచ్చు కదా?

పాత సర్వేయరు:
పంచలేరు. ఒక జిల్లాలో నూటికి ఇన్ని కప్పులు పోయి ఉంటాయని మోడల్ చెప్పగలదు, అవి ఎవరి కప్పులో చెప్పలేదు. మన దగ్గర పంట నష్టం కనీసం 33 శాతం ఉంటేనే ఇన్‌పుట్ సబ్సిడీ వస్తుంది; ఏ రైతు చేలో నష్టం ఆ 33 శాతానికి చేరిందో తేల్చాలంటే ఎన్యూమరేషన్ బృందం గట్టు మీదికి వెళ్లక తప్పదు.

గాలిమర:
దీనికి పూర్తి విరుద్ధమైన దారి కూడా జమైకాలోనే ఉంది. ఆ దేశానికి ఉన్న 15 కోట్ల డాలర్ల విపత్తు బాండు (మదుపరుల సొమ్ముతో నడిచే ఒక రకం బీమా) మెలిస్సా తరువాత పూర్తిగా చెల్లింపుకు వచ్చింది. అందులో నష్టం లెక్క అనేదే లేదు: తుపాను ఎటుగా వెళ్లింది, కేంద్ర పీడనం ఎంతకు పడిపోయింది అన్న రెండే చూస్తారు.