నాస్తికుడు కోరుకోదగిన పరలోకం ఏది?

చర్చ ప్రారంభించినవారు:
మరణంతో చైతన్యం ముగిసిపోతుందనే నా నమ్మకం. బూడిదైన దేహం తిరిగి రావడమెక్కడిదని పరలోకాన్ని ఒప్పుకోని ప్రాచీన భారత భౌతికవాదులైన చార్వాకులు వేసిన ప్రశ్నకు తృప్తికరమైన జవాబు నాకు ఇంతవరకు దొరకలేదు. అయినా పరలోకాన్ని కట్టే పని నాకే అప్పగిస్తే ఎలా కడతానన్నది ఆలోచించదగిన విషయమే. పురాణాల స్వర్గం నాకు పనికిరాదు. రంభా ఊర్వశుల నాట్యం, అమృతపానం తప్ప అక్కడ కొత్తగా నేర్చుకునేది ఏమీ కనబడదు (నాట్యమాడేవారికి అది స్వర్గమో కాదో ఎవరూ అడిగినట్టు లేరు). పైగా పుణ్యం ఖర్చు కాగానే మర్త్యలోకానికి దిగిరావాలని భగవద్గీత తొమ్మిదో అధ్యాయమే చెబుతోంది. నేను కట్టే లోకంలో ప్రవేశానికి విశ్వాసంతో పని ఉండదు. ఇక చాలనిపించినవారికి శాశ్వతంగా నిద్రపోయే హక్కు ఉంటుంది.

ఒక సభ్యురాలు:
విశ్వాసాన్ని చూడకపోతే మంచిదే, నడతను కూడా చూడరా? 1985 జూలైలో కారంచేడులో దళితులను వెంటాడి చంపినవారూ, ప్రాణాలు పోగొట్టుకున్నవారూ అక్కడ ఒకే పంక్తిలో కూర్చోవాలా? ఆ కేసులో సుప్రీంకోర్టు తీర్పు రావడానికే 2008 దాకా పట్టింది.

చర్చ ప్రారంభించినవారు:
మహాభారతం స్వర్గారోహణ పర్వంలో ధర్మరాజుకు ఎదురైన చిక్కు కూడా ఇదే. స్వర్గంలో దుర్యోధనుడు వైభవంగా కొలువుదీరి ఉండడం చూసి ఆయన సహించలేకపోయాడు. తమ్ముళ్లు, ద్రౌపది నరకంలో ఉన్నారని తెలిశాక తానూ అక్కడే ఉంటానన్నాడు. చివరకు అదంతా మాయ అని తేల్చడంతో ఆ నిర్ణయం బరువు తగ్గిపోయిందని నాకు అనిపిస్తుంది. నా లోకంలో సలసల కాగే నూనె ఉండదు. హింసించినవాడికి తాను పెట్టిన బాధ, బాధితుడికి ఎలా తెలిసిందో అలాగే, అణువణువునా తెలిసివస్తుంది. అతడి ముఖం చూడాలా వద్దా అన్నది బాధితుడి ఇష్టం.

మరొక సభ్యుడు:
నాస్తికోద్యమ నాయకుడు గోరా (గోపరాజు రామచంద్రరావు) 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించి, అంటరానితనంపై పోరాటాన్ని, సహపంక్తి భోజనాలను నాస్తికత్వంలో భాగం చేశారు. ఆ దారిని గౌరవించేవారు న్యాయాన్ని ఊహాలోకానికి వాయిదా వేయడం నాకు మింగుడుపడడం లేదు. కోర్టులో జరిగిన ఆలస్యానికి ఇది పరిహారం కాజాలదు.

ఒక సభ్యురాలు:
ఊహగానే చర్చిద్దాం. హంతకుడికీ ఆ నిద్ర హక్కు ఉంటుందా?

చర్చ ప్రారంభించినవారు:
ఉంటుంది, కానీ బాధితులు చెప్పదలచినదంతా విన్న తరువాతే. వారు మాట్లాడడానికి ఇంకా సిద్ధపడకపోతే, సిద్ధపడేదాకా అతడు మేలుకొనే ఉండాలి. ఎంతకాలమన్నది నేను నిర్ణయించను.