‘రోజర్’ అంటే ఒప్పుకున్నట్టా, విన్నట్టా?

ప్రశ్న (మారతహళ్లి నుంచి):
అందరికీ నమస్కారం. ఇక్కడ బెంగళూరులో మా టీమ్‌కి రోజూ సాయంత్రం అమెరికా వాళ్లతో కాల్ ఉంటుంది. మనం ఏదైనా చెబితే అటునుంచి ఒకరు ‘ఐ హియర్ యూ’ అంటారు, ఒకరు ‘ఫెయిర్ ఇనఫ్’ అంటారు, ఒకాయన ఎప్పుడూ ‘రోజర్’ అంటాడు. కాల్ అయ్యాక ఒప్పుకున్నారా లేదా అని మాలో మాకు వాదన. నిన్న మా జూనియర్ అమ్మాయి రాత్రి రిలీజుల వల్ల నిద్ర ఉండట్లేదంటే, అటు ఆయన ‘టెల్ మీ అబౌట్ ఇట్’ అన్నాడు. పాపం, ఆ పిల్ల మొదటినుంచీ అంతా వివరంగా చెప్పుకొచ్చింది. కాస్త విడమరిచి చెప్పండి.

జవాబు:
ముందు ‘రోజర్’ సంగతి చెబుతానండీ. రేడియోలో ‘రిసీవ్డ్’ అనే మాటకి గుర్తు ‘ఆర్’. రెండో ప్రపంచ యుద్ధం నాటి సైన్యం అక్షరాల పట్టికలో ‘ఆర్’ని రోజర్ అని పలికేవారు. 1956లో పట్టిక మారి ‘ఆర్’ రోమియో అయింది, జవాబుగా మాత్రం రోజరే నిలిచిపోయింది. పైలట్ రోజర్ అన్నాడంటే మీరు చెప్పింది పూర్తిగా అందిందని, అంతే. చెప్పినట్టు చేస్తానని తెలపడానికి ‘విల్కో’ ఉంది. అది ‘విల్ కంప్లై’కి పొట్టిరూపం. అవునా కాదా అని అడిగితే రోజర్ పనికిరాదు, ‘అఫర్మ్’ అనో ‘నెగెటివ్’ అనో తేల్చాలి.

ఆఫీసుల్లో ఈ పట్టింపు లేదు, రోజర్ అంటే ‘సరే, చేస్తా’ అని కూడా వాడేస్తారు. అందుకే గడువున్న పనైతే ‘ఎప్పటికవుతుంది?’ అని అప్పుడే అడిగేయండి.

‘ఐ హియర్ యూ’ మాత్రం మనం ఊఁ కొట్టడం లాంటిది. మీ బాధ అర్థమైందంటున్నారే గానీ, ఒప్పుకున్నామనలేదు. వెనకే ‘బట్’ వస్తుందేమో చూసుకోండి.

మరొకరు:
‘ఫెయిర్ ఇనఫ్’కి నా లెక్క ఇది: మీ మాటలో న్యాయం ఉంది, ఇక వాదించను. మనసులో పూర్తిగా ఒప్పుకోకపోయినా అనొచ్చు. ‘టెల్ మీ అబౌట్ ఇట్’కి మన దగ్గర సరిగ్గా అలాంటిదే ఉంది: ‘ఆ కష్టం నన్నడుగు!’ అంటాం కదా. అలా అన్నప్పుడు ఎవరూ నిజంగా అడగరు. ఆ అమ్మాయికి ఈ ఒక్క ముక్క చెప్పండి, మళ్లీ తడబడదు.

ఇంకొకరు:
ఓకే కూడా సైన్యం మాటే కదండీ? ‘జీరో కిల్డ్’ నుంచి వచ్చిందని ఎక్కడో చదివాను.

జవాబు:
ఆ కథ బాగా తిరుగుతోంది గానీ నిజం కాదండీ. ఓకే అన్న మాట 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్ అనే పత్రికలో అచ్చయింది. ‘ఆల్ కరెక్ట్’ని కావాలనే తప్పు స్పెల్లింగులతో రాసి, మొదటి అక్షరాలు తీసుకున్నారు. అప్పట్లో అలాంటి పొట్టిమాటల సరదా ఉండేది. మరుసటి ఏడాది అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో పోటీచేసిన మార్టిన్ వాన్ బ్యూరెన్‌ని ఆయన ఊరి పేరుతో ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అనేవారు. ఆ అక్షరాలూ అవే కావడంతో ఓకే ఊరూరా పాకింది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్సండీ. మెయిల్‌కి ఉత్త ‘నోటెడ్’ అని పెడితే?

జవాబు:
చూశామని, గుర్తుపెట్టుకుంటామని. పైవాళ్లకి ఆ ఒక్క మాటే పంపితే ముక్తసరిగా అనిపిస్తుంది. ‘థ్యాంక్స్, విల్ డూ’ అనండి, చేస్తామన్న మాట కూడా అందులోనే వచ్చేస్తుంది.