లైసెన్సు వాక్యంలో "గాని" ఉండాలా, "కాని" ఉండాలా?

విజయనగరం నుంచి (ప్రశ్న):
క్వేక్ అనే కంప్యూటర్ ఆటను నడిపే ఇంజిన్ సోర్సు కోడును ఐడీ సాఫ్ట్‌వేర్ సంస్థ 1999 డిసెంబరులో జీపీఎల్ (ఎవరైనా వాడుకొని, మార్చి, అవే షరతుల మీద పంచవచ్చనే లైసెన్సు) కింద విడుదల చేసిన సంగతి సభ్యులకు తెలిసినదే. దాని నుంచి పుట్టిన ఒక ఇంజిన్‌ను 64 బిట్ల ఫోన్లలోనూ రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీదా నడిచేటట్లు మేము కొందరం తిరగరాస్తున్నాము. ప్రతి ఫైలు తలపై ఉండే లైసెన్సు ప్రకటనకు తెలుగు సారం రాస్తూ ఉండగా, ఎక్కడో చదివిన వాక్యం ఒకటి సగం గుర్తుకు వచ్చి నన్ను వదలడం లేదు: "ఈ లైసెన్సు రెండవ వెర్షన్ ప్రకారంగాని, మీ ఇష్టాన్నిబట్టి ఆ తరువాతి ఏ వెర్షన్ ప్రకారంగాని..." అని అది సాగుతుంది. అందులో ఉన్నది "గాని"యా, "కాని"యా? మా బృందంలో ఒకరు రెండుచోట్లా "కాని" అని టైపు చేశారు. "మీ ఇష్టం" అన్నప్పుడు ఆ "మీ" ఎవరన్నది కూడా పెద్దలు చెప్పగలరని ఆశిస్తున్నాను.

బొబ్బిలి నుంచి:
ప్రథమా విభక్తి మీది పరుషాలకు (క, చ, ట, త, పలకు) గసడదవలు వస్తాయి కాబట్టి "ప్రకారము" పక్కన "కాని" చేరితే "ప్రకారముగాని" అవుతుంది. అయితే చిన్నయసూరి ఆ సూత్రంలో "బహుళం" (కొన్నిచోట్ల వస్తుంది, కొన్నిచోట్ల రాదు) అన్న మాటను ఊరికే పెట్టలేదు. మూలరూపం "కాని"యే అయినప్పుడు, విడదీసి రాసినవారిని వ్యాకరణం తప్పుపట్టదు. మీరు చదివిన పాఠంలో ఏది ఉన్నా రెండూ సాధువులే.

శ్రీకాకుళం నుంచి:
మాస్టారు చెప్పిన సంధి నిర్వివాదం. అయినా ఇది పద్యం కాదు, హక్కులను పంచిపెట్టే వాక్యం. "రెండవ వెర్షన్ ప్రకారం కాని" అని విడిగా రాసి పక్కన కామా పెడితే, నేటి పాఠకుడు దానిని మూడు విధాలుగా చదువుతాడు: వికల్పంగా, అంటే "ఇదైనా అదైనా" అన్న అర్థంలో ఒకటి, "అయితే" అన్న అర్థంలో రెండవది, "ప్రకారం కాని పంపిణీ" అన్నప్పటి వ్యతిరేకార్థంలో మూడవది. ఈ మూడవ అర్థం అనుమతిని నిషేధంగా మార్చివేస్తుంది. 1863లో మన శ్రీముఖలింగం చేరువలోని పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తిగారు జీవితమంతా పోరాడినది చదివేవాడికి అర్థమయ్యే భాష కోసమే. లిపి లేని సవర భాషను సవరల నోట విని నేర్చుకొని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ కూర్చిన మనిషి ఆయన. బహుళమన్న వెసులుబాటు కవికి మేలు చేస్తుందేమోగాని లైసెన్సుకు చేయదని నా దృఢాభిప్రాయం.

పలాస నుంచి:
ఇంజిన్ల పని చేసేవాడిగా ఒక మాట చెబుతాను. ఆ రెండవ "గాని" మీద మా పని చాలా ఆధారపడి ఉంటుంది. 1991 నాటి రెండవ వెర్షన్ మాత్రమే వర్తిస్తుందని లినక్స్ కెర్నల్ వంటి ప్రాజెక్టులు ప్రత్యేకంగా ప్రకటించుకున్నాయి. క్వేక్ ఫైళ్ల తలపై మాత్రం తరువాతి వెర్షన్లకు కూడా దారి ఉన్నది. అపాచీ 2.0 అనే మరో స్వేచ్ఛా లైసెన్సు ఉన్న లైబ్రరీని జీపీఎల్ రెండవ వెర్షన్ కోడుతో కలిపి పంచడానికి వీలులేదని, జీపీఎల్‌ను రూపొందించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ చెబుతుంది. 2007లో వచ్చిన మూడవ వెర్షన్‌తో మాత్రం కలపవచ్చు. కాబట్టి ఆ వికల్పం పోతే ఎన్నో లైబ్రరీలు మనకు అందకుండా పోతాయి. ఇక "మీ" అంటే ప్రోగ్రామును పొందినవారు. ఎంపిక వారిదే, రచయితది కాదు. అనువాదాలకు చట్టబలం లేదని కూడా ఆ ఫౌండేషన్ స్పష్టం చేసింది గనుక, తెలుగు సారం పక్కన ఇంగ్లీషు పాఠాన్ని పూర్తిగా ఉంచండి.

బొబ్బిలి నుంచి:
అనువాదానికి చట్టబలం లేకపోయినంత మాత్రాన అందులో ఏ అక్షరమైనా చెల్లుతుందని మనం అనుకోకూడదు. నన్ను అంతకంటె ఎక్కువగా పట్టి ఆపినది "తిరగరాస్తున్నాము" అన్న క్రియ. విజయనగరంలో ఉంటూ ఆ మాటను తేలికగా వాడరాదు. గురజాడవారు 1897లో అచ్చువేసిన తమ నాటకాన్ని 1909 కూర్పులో అయిదు అంకాల నుంచి ఏడు అంకాలకు పెంచి, సంభాషణలను దాదాపు కొత్తగా నిర్మించారు. తిరగరాయడమంటే అది. రచన ఆయనదే గనుక ఎవరి అనుమతీ అవసరం లేకపోయింది. మీరు చేస్తున్నది మరొకరి రచనను కొత్త యంత్రానికి అమర్చడం. 1957 నాటి మన కాపీరైటు చట్టం తరువాతి సవరణలతో కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనల్లోనే చేర్చింది కనుక, మీ పనికి "అనుసరణ" అన్న మాటే సరిపోతుంది.

విజయనగరం నుంచి (ప్రశ్న అడిగినవారు):
మాస్టారూ, అమర్చడం అన్న మాటలో మా పని ఇమడదు. ఈ ఇంజిన్‌లో ఒక పేరు ఎక్కడ ఉన్నదో చెప్పడానికి, అక్షరాలన్నీ దాచిన చోటు మొదలు నుంచి అది ఎంత దూరమో లెక్కగట్టి, ఆ దూరాన్ని 32 బిట్ల పూర్ణాంకంలో దాస్తారు. 32 బిట్ల యంత్రంలో ఏ రెండు చిరునామాల మధ్య దూరమైనా అందులో పట్టేది. 64 బిట్ల యంత్రంలో ఆ దూరం పొంగిపోయి, పేరు అడిగితే జ్ఞాపకంలో మరెక్కడికో తీసుకుపోయి ఆట ఆగిపోతుంది. దీనిని సరిచేయాలంటే పేర్లకు వేరే పట్టిక కట్టి, వాటిని అందుకొనే ప్రతి చోటా కోడు మార్చాలి. ఆ భాగంలో పాత వాక్యాలు మిగలడం లేదు.

పలాస నుంచి:
వాక్యాలు మిగలకపోయినా, పాత కోడును ముందు పెట్టుకొని దాని నిర్మాణం మీదనే రాస్తున్నంత కాలం అది వ్యుత్పన్న రచనగానే, అంటే పాతదాని నుంచి పుట్టిన రచనగానే ఉంటుందని, జీపీఎల్ దానిని వదలదని భావించి నడుచుకోవడమే క్షేమం. లైసెన్సు మార్చాలంటే హక్కుదారులందరూ ఒప్పుకోవాలి. ఎల్‌జీపీఎల్ (జీపీఎల్‌కు సడలించిన రూపం) కింద ఉన్న, ఆటలకు బొమ్మనూ ధ్వనినీ అందించే ఎస్‌డీఎల్ లైబ్రరీ 2.0 వెర్షన్‌కు షరతులు చాలా తక్కువగా ఉండే జడ్‌లిబ్ లైసెన్సులోకి వచ్చినది, ఆ కోడు మీద హక్కు ఉన్నవారు చేయగలిగారు గనుకనే. మార్పు పరిమాణాన్నిబట్టి పేరు పెట్టడం కూడా నాకు సమ్మతం కాదు. డూమ్ అనే ఆట సోర్సులో ఆటగాడి ముందు వెనుకల కదలికను "చార్" అనే ఒక బైటులో దాచారు. వెనుకకు నడిస్తే అందులో రుణసంఖ్య పడాలి. ఇంటెల్ చిప్పుల మీద ఆ బైటుకు మామూలుగా రుణగుర్తు ఉంటుంది, ఏఆర్‌ఎం చిప్పుల మీది లినక్స్‌లో ఉండదు. దానితో వెనుకకు నడవమంటే ఆటగాడు ముందుకే దూసుకుపోతాడు. "చార్" ముందు "సైన్డ్" అన్న ఒక్క మాట చేరిస్తే సరిపోతుంది. ఆ ఒక్క మాటను అనుసరణ అంటారా, తిరగరాత అంటారా?

శ్రీకాకుళం నుంచి:
రెండూ అనరు, "పోర్టు చేశాం" అంటారు. ఇంజిన్లు రాసే మన కుర్రవాళ్లందరి నోటా ఉన్న మాట అదే, గిడుగువారి లెక్కలో అదే తెలుగు. అసలు ప్రశ్నకు వస్తే, రెండుచోట్లా "గాని" అని ఉంచి, ముందున్న మాటతో కలిపి రాయండి. "మీ ఇష్టాన్నిబట్టి" అన్నది "పొందినవారి ఇష్టాన్నిబట్టి" అయితే సందేహానికి తావుండదు.

బొబ్బిలి నుంచి:
కలిపి రాయడానికి నా అంగీకారం ఉన్నది. "పొందినవారి" అన్నదానికి లేదు. మూలం పాఠకుడిని నేరుగా పిలిచి మాట్లాడుతున్నది, ఆ పిలుపును చెరపరాదు. పైగా మా వైపు నోటి మాటలో వికల్పానికి "గానీ" అని దీర్ఘమే వినిపిస్తుంది. మేడమ్‌గారు వ్యవహారమే ప్రమాణమని అంటున్నప్పుడు, ఆ దీర్ఘాన్ని ఎందుకు వదిలిపెట్టారో వివరించవలసి ఉంటుంది.

శ్రీకాకుళం నుంచి:
ఆ దీర్ఘం విజయనగరం వైపు వికల్పానికి వినిపిస్తుందేమో. "నువ్వు వస్తేగానీ పని జరగదు" వంటి పలుకుబడిలో అది పూర్తిగా వేరే పని చేస్తుంది. ఆ రెండింటినీ ఒకే గాటన కట్టడానికి నేను ఒప్పుకోను.