కొత్త ల్యాప్‌టాప్‌లో అక్కర్లేని అప్లికేషన్లు: మనమే తీసుకోవచ్చా, ఫార్మాట్ కొట్టించాలా?

బైరాగిపట్టెడ_ఇల్లు
పాప ఇంజనీరింగ్ ఫస్ట్ ఇయర్‌లో చేరింది. తనకని విండోస్ 11 ల్యాప్‌టాప్ కొన్నాం. ఆన్ చేస్తే చాలు, మేం వేసుకోని యాంటీవైరస్ ఒకటి డబ్బు కట్టమని మూల నుంచి తగులుకుంటోంది. గేములు, షాపింగ్ యాప్‌లు, కంపెనీవాళ్ళ సొంత అప్లికేషన్లు చాలానే ఉన్నాయి. షాపులో అడిగితే "ఇచ్చిపోండమ్మా, ఫార్మాట్ కొట్టి ఫ్రెష్‌గా వేసిస్తా" అన్నాడు. మా తమ్ముడేమో క్లీనర్ సాఫ్ట్‌వేర్ ఒకటి వేస్తే అన్నీ అదే ఊడ్చేస్తుందంటాడు. మా ఇంట్లో ఇదే మొదటి కంప్యూటర్. మేమే తీసుకోవచ్చా?

పెన్‌డ్రైవ్_తిరుపతి
నన్నడిగితే ఫార్మాటే, అంటే అంతా చెరిపేసి విండోస్ మళ్ళీ ఎక్కించడమే. షాపులో వద్దు, ఇంట్లోనే చేసుకోండి. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి, పెన్‌డ్రైవ్‌లోకి విండోస్‌ను ఎక్కించే మీడియా క్రియేషన్ టూల్ (మైక్రోసాఫ్ట్ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది) ఉంటే సరిపోతుంది. విండోస్ లైసెన్స్ మదర్‌బోర్డులోనే ఉంటుంది కాబట్టి కీ కొట్టే పని కూడా లేదు. ఒక్కొక్కటీ తీసుకుంటూ పోతే ఏదో ఒకటి మిగిలిపోతుంది. 2015లో లెనోవో ల్యాప్‌టాప్‌లలో బయటపడ్డ సూపర్‌ఫిష్ అనే ప్రోగ్రామ్ గుర్తుందా? మనం చూసే వెబ్‌పేజీల్లో ప్రకటనలు దూర్చడానికి, సైట్ అసలైనదేనని బ్రౌజర్‌ను నమ్మించే సొంత సర్టిఫికెట్ పెట్టుకుంది. ప్రోగ్రామ్ తీసేసినా సర్టిఫికెట్ అలాగే ఉండిపోయింది. దాన్ని వదిలించడానికి కంపెనీ వేరే టూల్ ఇవ్వాల్సి వచ్చింది.

ఎస్వీయూ_ఎంసీఏ
అన్నా, సూపర్‌ఫిష్ సంగతి నిజమే. కానీ ఆ ఒక్కటీ చూపించి, మొదటిసారి కంప్యూటర్ పట్టుకున్నవాళ్ళ చేత ఫార్మాట్ చేయించడం న్యాయం కాదు. ఫార్మాట్ అయ్యాక వైఫై డ్రైవర్ (విండోస్ చేత వైఫైని నడిపించే ప్రోగ్రామ్) లేకపోతే నెట్ రాదు. నెట్ లేకపోతే విండోస్ 11 హోమ్ సెటప్ ముందుకు కదలదు. అక్కకి ఆ టెన్షన్ ఎందుకు?

అక్కా, మీరే తీసుకోవచ్చు. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో ఇన్‌స్టాల్డ్ యాప్స్ తెరవండి. ఒక్కోదాని పక్కన మూడు చుక్కలుంటాయి, అవి నొక్కితే అన్‌ఇన్‌స్టాల్ కనబడుతుంది. డెస్క్‌టాప్ మీద ఉన్న బొమ్మను డిలీట్ చేస్తే బొమ్మే పోతుంది, అప్లికేషన్ ఎక్కడికీ పోదు. ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి వెళ్ళి ఫోల్డర్‌నే లేపెయ్యడం ఇంకా తప్పు. పేరు జాబితాలో అలాగే ఉంటుంది, తర్వాత పద్ధతిగా తీద్దామంటే తీసే ఫైలే ఉండదు.

మొదట ఆ యాంటీవైరస్ తీయండి. అది పనిచేస్తున్నంత కాలం విండోస్‌తోనే వచ్చిన యాంటీవైరస్ డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది. అది పోయాక రీస్టార్ట్ చేస్తే డిఫెండర్ తనంతట తనే మళ్ళీ పనిలోకి వస్తుంది. విండోస్ సెక్యూరిటీ తెరిచి ఒకసారి చూసుకోండి. తీసేటప్పుడు రక్షణ పోతుందని భయపెట్టే కిటికీ ఒకటి రావచ్చు. ఉంచుకోమనే బటన్ పెద్దగా, రంగుతో ఉంటుంది. తీసెయ్యమనేది కింద సన్నటి అక్షరాల్లో ఉంటుంది. ఆ సన్నటిదే నొక్కండి.

గేముల్లో చాలావరకు స్టార్ట్ మెనూలో రైట్ క్లిక్ చేస్తే పోతాయి. కొన్ని అసలు ఇంకా దిగనే లేదు, వాటిని నొక్కితేనే డౌన్‌లోడ్ అవుతాయి.

క్లీనర్ మాత్రం వద్దే వద్దు. సీక్లీనర్ ఎంత పేరున్నదో తెలుసు కదా, 2017లో దాని 5.33 వెర్షన్‌లోనే ఎవరో మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) కలిపారు. కంపెనీ సొంత సైట్ నుంచి దించుకున్నవాళ్ళకే అది అంటుకుంది. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీని ఊడ్చే క్లీనర్లు వాడటాన్ని తాము సమర్థించబోమని మైక్రోసాఫ్టే చెబుతోంది. చెత్త తీయడానికి ఇంకో అప్లికేషన్ తెచ్చిపెట్టుకోవడం దేనికి?

చిత్తూరు_మీసేవ
తీసుకోవచ్చని అంత సులువుగా చెప్పకండి. మా సెంటర్‌లో కొత్తగా చేరిన అబ్బాయి, సిస్టమ్ స్లోగా ఉందని తనకు తెలియని పేర్లన్నీ పీకేశాడు. అందులో వేలిముద్ర యంత్రాన్ని సైట్‌కి కలిపే ఆర్‌డీ సర్వీస్ అనే ప్రోగ్రామ్ కూడా పోయింది. యంత్రం కేబుల్‌కే ఉంది, కానీ సైట్ దాన్ని గుర్తిస్తే కదా! పల్లెల నుంచి బస్సెక్కి వచ్చిన ముసలివాళ్ళు ఆ రోజు పని కాకుండానే తిరిగిపోయారు. కొత్తవాళ్ళు దేన్నీ తీయకుండా ఉండటమే మంచిది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. స్టార్టప్ యాప్స్‌లో అక్కర్లేనివి డిజేబుల్ చెయ్యండి. సమస్య వస్తే మళ్ళీ ఎనేబుల్ చేసుకోవచ్చు.

గ్రీమ్స్‌పేట_డీటీపీ
మీసేవ అన్న మాటతో ఏకీభవిస్తా. మా షాపులో తెలుగు టైపింగ్ నడిచేది అను స్క్రిప్ట్ మేనేజర్ మీద. ఆ పేరులో తెలుగు అన్న మాటే లేదు, కొత్తవాళ్ళకు ఎలా తెలుస్తుంది?

ఎస్వీయూ_ఎంసీఏ
మీరిద్దరూ చెప్పేది పని జరిగే చోట ఉన్న సిస్టమ్ గురించి. అక్కడ ప్రతిదీ ఎవరో ఒకరు అవసరం కొద్దీ వేసిందే కాబట్టి, వేసినవాళ్ళను అడగకుండా ముట్టకూడదు, ఒప్పుకుంటా. అక్క ల్యాప్‌టాప్ నిన్నమొన్న డబ్బా విప్పింది. పైగా డిజేబుల్ చేస్తే అది నిద్రపోతుందే తప్ప స్థలం ఖాళీ కాదు. గడువు తీరిన యాంటీవైరస్‌ను అలా అట్టిపెట్టుకుంటే లాభమేముంది?

తెలిసినవే తీయమంటున్నా, తెలియనివి కాదు. విజువల్ సీ ప్లస్ ప్లస్ అని నాలుగైదు కనిపిస్తాయి, ఒకటే మళ్ళీ మళ్ళీ పడిందనుకుని తీయకండి. వేరే సాఫ్ట్‌వేర్లు వాటి మీదే ఆధారపడతాయి. ఇంటెల్, రియల్‌టెక్ పేర్లున్నవి డ్రైవర్లకు సంబంధించినవి, వాటి జోలికి పోవద్దు. ఒకటి తీసి, రీస్టార్ట్ చేసి, వైఫై, సౌండ్, కెమెరా చూసుకుని ఇంకోదానికి వెళ్ళండి. ఏదైనా తేడా వస్తే దేనివల్లో వెంటనే తెలిసిపోతుంది.

బైరాగిపట్టెడ_ఇల్లు
యాంటీవైరస్ పోయింది, డిఫెండర్ పచ్చ టిక్ చూపిస్తోంది. కంపెనీవాళ్ళ అప్లికేషన్, ఆఫీస్ మిగిలాయి. అవీ తీసెయ్యనా?

ఎస్వీయూ_ఎంసీఏ
కంపెనీది ఉంచండి అక్కా. కొన్ని మోడళ్ళలో బ్యాటరీ 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సెట్టింగ్ అందులోనే ఉంటుంది. హాస్టల్‌లో ఎప్పుడూ ప్లగ్‌లోనే పెట్టి వాడే పిల్లలకు అది చాలా అవసరం. ఆఫీస్ మీ బిల్లులో ఉంటే పాప మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో యాక్టివేట్ చేయించండి. లైసెన్స్ ఆ అకౌంట్‌కి ముడిపడుతుంది కాబట్టి షాపువాడి మెయిల్‌తో మాత్రం చేయించకండి.

పెన్‌డ్రైవ్_తిరుపతి
నా మెషిన్‌కైతే ఇప్పటికీ ఫార్మాటే అంటా. ఈ ల్యాప్‌టాప్‌కి అక్కర్లేదు, సరే. ఎప్పుడైనా షాపులో ఇవ్వాల్సి వస్తే ఒకటి గుర్తుపెట్టుకోండి. మన దగ్గర అమ్మేవాటిలో ఎక్కువగా వచ్చే విండోస్ ఎడిషన్ హోమ్ సింగిల్ లాంగ్వేజ్. దాని మీద ప్రో ఎడిషన్ ఎక్కిస్తే మదర్‌బోర్డులోని లైసెన్స్ దానికి పనికిరాదు, అప్పుడు క్రాక్ (లైసెన్స్ లేకుండా దొంగతనంగా నడిపించేది) వేస్తారు. ఇచ్చేముందు సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ తెరిచి ఎడిషన్ ఫొటో తీసుకోండి. తిరిగి తీసుకునేటప్పుడు షాపులోనే ఫొటోతో పోల్చి, అదే ఎడిషన్ ఉందో లేదో చూసుకుని డబ్బులివ్వండి.