పెరటి స్ప్రింక్లర్‌కి ఆటోమేటిక్ టైమర్: ఏది కొనాలి, ఎలా బిగించాలి?

అమలాపురం పెరడు
అందరికీ నమస్కారం. అమలాపురం దగ్గర మా ఊళ్ళో ఇంటి వెనక ఆరు సెంట్ల పెరడు ఉంది. కొంచెం పచ్చిక, గోడ వారన గులాబీలు, రెండు మల్లె పొదలు, కరివేపాకు, నిమ్మ, నాలుగు కొబ్బరి చెట్లు. నాన్నగారికి మోకాళ్ళ ఆపరేషన్ అయింది, పైపు పట్టుకుని గంటసేపు నిలబడలేరు. పైగా ఏప్రిల్ చివర్లో అమ్మానాన్నల్ని నలభై రోజులు హైదరాబాద్ తీసుకొస్తున్నాను. ఆలోపు టైమర్ పెట్టేయాలి. కుళాయికి తగిలించే బ్యాటరీ టైమర్ సరిపోతుందా, గోడకి బిగించే కంట్రోలరు, వాల్వులు కావాలా? డాబా మీద ట్యాంకు నీళ్ళతో స్ప్రింక్లర్ తిరుగుతుందా? వాన సెన్సర్ అవసరమా? బోరుకి ఒక హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ (నీళ్ళలో మునిగి ఉండే మోటారు) ఉంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

తణుకు గులాబీలు
ఏ టైమర్ అన్నది తర్వాత సంగతండీ. కొన్నాక మీటలు నొక్కేటప్పుడు నేను చేసిన పొరపాటు మాత్రం చేయకండి. మాది నాలుగు వాల్వుల కంట్రోలర్, ఒక్కో వాల్వు పెరట్లో ఒక్కో భాగానికి నీళ్ళు వదులుతుంది. ఒక్కో వాల్వుకి పది నిమిషాలు పెట్టాను, అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత "స్టార్ట్ టైమ్" దగ్గర ఒకటోదానికి 5:00, రెండోదానికి 5:10, మూడోదానికి 5:20, నాలుగోదానికి 5:30 అని నాలుగూ నింపాను. అలా పెట్టకూడదు. ఒక్క స్టార్ట్ టైమ్ ఇస్తే చాలు, అదే వరసగా నాలుగు వాల్వులూ తిప్పుతుంది. నాలుగిస్తే మొత్తం వరస నాలుగుసార్లు తిరుగుతుంది. రోజుకి నలభై నిమిషాలు అనుకున్నది నూట అరవై నిమిషాలైంది. వారం పెళ్ళికెళ్ళి వచ్చేసరికి పన్నెండు గులాబీల్లో ఐదు పోయాయి. మిగిలినవాటి ఆకుల నిండా నల్లమచ్చలు. మా అత్తగారు కొడుకులా పెంచుకున్న మొక్కలు అవి. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు కళ్ళలో నీళ్ళొస్తాయి.

ఇంకోటి, గులాబీకి స్ప్రింక్లర్ వద్దు. ఆకు తడిస్తే తెగులు. మొక్క మొదలు దగ్గర డ్రిప్ (చుక్క చుక్కగా నీళ్ళిచ్చే సన్న గొట్టం) పెట్టండి.

మండపేట మేడతోట
ఇంత హడావుడి దేనికండీ. 16 ఆంపియర్ల ప్లగ్ టైమర్ ఒకటి కొని మోటారు ప్లగ్గు దానికి గుచ్చేయండి. ఉదయం 6కి మోటారు ఆన్, 6:20కి ఆఫ్. వాల్వులు లేవు, తీగలు లేవు. మా మేడ మీద రెండేళ్ళుగా ఇదే. ఒక్క రోజు ఇబ్బంది రాలేదు.

భీమవరం వైరింగ్
దయచేసి ఇలాంటి సలహాలు ఇవ్వకండి. నేను ఇరవై రెండేళ్ళుగా మోటారు వైరింగ్ చేస్తున్నాను. ఆ ప్లగ్ టైమర్ మీద 16 ఆంపియర్లు అని రాసుంటుంది కదా, అది హీటరు, ఇస్త్రీపెట్టె లాంటి లోడుకి. మోటారు లెక్క వేరు. ఒక హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు ఆరేడు ఆంపియర్లే లాగుతుంది. బయలుదేరే క్షణంలో మాత్రం దానికి ఐదారు రెట్లు లాగుతుంది. టైమర్ లోపల చిన్న రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చి ఉంటుంది. రోజూ ఆ దెబ్బ తింటే ఒకరోజు దాని కాంటాక్టులు అతుక్కుపోతాయి. అతుక్కున్నాక టైమర్ ఆఫ్ అని చూపిస్తుంది, మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. వీరవాసరంలో ఒక ఇంట్లో రాత్రంతా అలాగే తిరిగి, సంపు ఖాళీ అయిపోయి, మోటారు వైండింగ్ కాలిపోయింది. ఇంట్లో మనుషులుంటేనే అది. ఈయన తల్లిదండ్రులు నలభై రోజులు ఊళ్ళో ఉండరు.

మండపేట మేడతోట
రెండేళ్ళుగా నడుస్తున్నదాన్ని నడవదంటే ఎలాగండీ? నా కళ్ళతో రోజూ చూస్తున్నాను. మీకు వైరింగ్ పని దొరకాలి కాబట్టి ప్రతిదానికీ ప్యానెల్ కావాలంటారు. మాలాంటి సామాన్యులు ఎనిమిది వందల్లో పని కానిచ్చుకుంటే మీకు కష్టం.

నర్సాపురం తీరం
మీరిద్దరూ మోటారు దగ్గరే ఆగిపోయారు. ముందు ఆ బోరు నీళ్ళు ఎలాంటివో అడగరేం? మా వైపు ఇరవై అడుగుల్లో మంచినీళ్ళు ఉండేవి. చుట్టూ రొయ్యల చెరువులు వచ్చాక ఉప్పెక్కిపోయాయి. ఆ నీళ్ళు స్ప్రింక్లర్‌తో ఆకుల మీద పడితే, ఎండకి నీరు ఆరిపోయి ఉప్పు ఆకు మీదే మిగిలిపోతుంది. అంచులు గోధుమరంగుకి తిరిగి మాడిపోతాయి. నా మందారాలన్నీ అలాగే పోయాయి. అదే నీళ్ళు మొక్క మొదలు దగ్గర పోస్తే కొంతవరకు తట్టుకున్నాయి. వేసవిలో కాలువలు కట్టేశాక ఉప్పు ఇంకా పెరుగుతుంది, కింది ఉప్పునీటిని వెనక్కి నెట్టే మంచినీరు ఉండదు కదా. అమలాపురం నుంచి సముద్రం ఎంత దూరం? వేలకి వేలు టైమర్ మీద పెట్టే ముందు ఒక సీసా నీళ్ళు పరీక్ష చేయించండి.

భీమవరం వైరింగ్
మండపేట గారూ, నేనేమీ పని అడగడానికి రాలేదు. ఆయన ఊరు నాకు డెబ్భై కిలోమీటర్లు. మీ మోటారు అర హెచ్‌పీ మోనోబ్లాక్ అయి ఉంటుంది, అందుకే నడిచింది. ఎంత హెచ్‌పీయో చెప్పండి ముందు.

అడిగినాయనకి అసలు విషయం: మీది సబ్‌మెర్సిబుల్. దానికి గోడ మీద ఆకుపచ్చ మీట, ఎర్ర మీట ఉన్న ప్యానెల్ ఉంటుంది కదా. ప్లగ్ టైమర్ కరెంటు ఇచ్చినంత మాత్రాన ఆ మోటారు బయలుదేరదు, ఎవరో ఒకరు ఆకుపచ్చ మీట నొక్కాలి. కాబట్టి ఈ చిట్కా మీ ఇంట్లో అసలు పనే చేయదు. చేయాలంటే మీట నొక్కకుండానే మోటారుని బయలుదేరదీసే ఆటో స్టార్టర్ ఉండాలి. టైమర్ కాంటాక్టరు (మోటారు కరెంటు మోసే పెద్ద స్విచ్చి) కాయిల్‌కి మాత్రమే కరెంటు ఇవ్వాలి, మోటారు బరువు కాంటాక్టరు మోయాలి. దాంతోపాటు నీళ్ళు లేకపోతే ఆపేసే డ్రై రన్ రక్షణ. ఈ మూడూ లేకుండా ఇల్లు తాళం వేసి వెళ్ళొద్దు.

మండపేట మేడతోట
అర హెచ్‌పీయే. అయితే ఏంటి? నేను చెప్పింది నా మేడ సంగతి.

భీమవరం వైరింగ్
అర హెచ్‌పీ అని మొదటే చెప్పి ఉంటే ఇంత గొడవే లేదు. మోటారుతో ఆటలాడి చెయ్యి కాల్చుకున్నవాళ్ళని నేను చూశాను, అందుకే గొంతు పెంచాను.

కడియపులంక నర్సరీ
మూడు తరాలుగా మొక్కలతోనే బతుకుతున్న ఇల్లు మాది. నీళ్ళ గురించి ఒక మాట చెప్తాను. టైమర్ ఎన్ని నిమిషాలు తిరగాలో చెప్పేది టైమర్ కాదు, మీ నేల. కోనసీమలో చాలాచోట్ల గోదావరి తెచ్చిన బంకమట్టి. అది గంటకి ఐదు మిల్లీమీటర్ల నీరు తాగడమే గొప్ప. పచ్చికలో పెట్టే చిన్న స్ప్రే హెడ్డు గంటకి నలభై మిల్లీమీటర్ల దాకా పోస్తుంది. పదిహేను నిమిషాలు వరసగా తిప్పితే సగం నీళ్ళు కాలవలోకి పోతాయి. అందుకని నాలుగేసి నిమిషాలు మూడుసార్లు, మధ్యలో గంట విరామం. ఇక్కడైతే తణుకు అమ్మాయి వద్దన్న ఆ రెండో స్టార్ట్ టైమ్, మూడో స్టార్ట్ టైమ్ కావాలనే వాడాలి. ఆమె నిమిషాలు తగ్గించకుండా సార్లు పెంచింది, తేడా అదీ.

నేల ఇసుకపర్రైతే ఇది తిరగబడుతుంది, విరామం అక్కర్లేదు. గుప్పెడు మట్టి తడిపి పిసికి చూడండి, పాములా సాగితే బంకమట్టి.

మల్లెని పచ్చికతో ఒకే వాల్వు మీద పెట్టకండి. మల్లెకి కొమ్మ కత్తిరించే ముందు కొన్నాళ్ళు నీళ్ళు ఆపాలి, అప్పుడే పూత విరగబడుతుంది. రోజూ నీళ్ళిస్తే ఆకే తప్ప మొగ్గ ఉండదు.

తణుకు గులాబీలు
కడియపులంక గారూ, నేను "వద్దు" అన్నది తెలియక నాలుగు పెట్టడాన్ని. సరిగ్గా చదవండి. అయినా మీరు చెప్పిన లెక్క రాసి పెట్టుకున్నాను, మా నేలా బంకమట్టే.

రావులపాలెం అరటి
అసలు ఈ గడ్డ మీద పుట్టి నీళ్ళకి యంత్రం పెట్టడం ఏంటో నాకు అర్థం కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి మన ఊళ్ళన్నీ కాలువ నీళ్ళమీదే పచ్చగా ఉన్నాయి. పెరటికి ఒక బోదె తవ్వుకుంటే కొబ్బరికి, అరటికి అదే చాలు. నలభై రోజులకి పక్కింటి కుర్రాడికి రోజుకి వంద ఇచ్చి పోయించుకోండి. మనిషి చూసినట్టు యంత్రం చూడదు. ఆకు వాడిందా, చీమ పట్టిందా అని టైమర్ చూస్తుందా?

నర్సాపురం తీరం
కాలువలు కట్టేసే నెలల్లో బోదెలో నీళ్ళెక్కడివండీ? ఆయన వెళ్ళేది సరిగ్గా అప్పుడే. ఇక వందకి రోజూ వచ్చే కుర్రాడు మా ఊళ్ళో దొరకడు. ముందు నాలుగు రోజులు వచ్చి, తర్వాత ఫోన్ ఎత్తడు. పోయిన ఏడాది నేను పడ్డ బాధ అదే. తిరిగొచ్చేసరికి మూడేళ్ళ నిమ్మ ఎండి కట్టెలా నిలబడి ఉంది.

రావులపాలెం అరటి
మీకు దొరకలేదని ఎవరికీ దొరకరా? మా ఇంట్లో పదిహేనేళ్ళుగా ఒకే ఆయన చూస్తున్నాడు. ఇంట్లో మనిషిలా చూసుకుంటే మనిషి నిలబడతాడు.

అమలాపురం పెరడు
అందరికీ ధన్యవాదాలు. రావులపాలెం గారూ, మనిషి కోసం అడిగాం, మా వీధిలో కుర్రాళ్ళంతా చదువులకీ ఉద్యోగాలకీ వెళ్ళిపోయారు. నీళ్ళు పరీక్షకి ఇచ్చాను. ట్యాంకు ప్రెషర్ గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. ట్యాంకు అడుగు నేలకి పదిహేను అడుగుల ఎత్తులో ఉంది.

పాలకొల్లు పైపులు
తిరగదు. లెక్క తేలికే. పది మీటర్ల ఎత్తు నీటికి ఒక బార్ ప్రెషర్. మీ పదిహేను అడుగులంటే నాలుగున్నర మీటర్లు, అర బార్ కూడా లేదు. స్ప్రే హెడ్డుకి రెండు బార్లు కావాలి, గిరగిరా తిరిగే రోటర్‌కి మూడు. ట్యాంకు నీళ్ళతో పచ్చిక మీద నీరు జానెడు దూరం ఉమ్మినట్టు పడుతుంది, అంతే. పచ్చికకి నేరుగా మోటారు ప్రెషరో, చిన్న బూస్టరో కావాలి. గులాబీ, కరివేపాకు, నిమ్మలకి డ్రిప్ అయితే ట్యాంకు మీద నెమ్మదిగా నడుస్తుంది. పైపులు పొడుగ్గా లాగకండి.

కుళాయి టైమర్ కొనేటప్పుడు లోపల ఏ వాల్వుందో అడగండి. సోలినాయిడ్ (కరెంటు అయస్కాంతంతో పనిచేసే) రకంలో డయాఫ్రం అనే పలచటి పొర ఉంటుంది, అది గట్టిగా మూసుకోవడానికి నీటి ప్రెషరే కావాలి. ట్యాంకు ప్రెషర్‌కి సరిగా మూసుకోదు, చుక్క చుక్క కారి తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ. బాల్ వాల్వ్ రకానికి చిన్న మోటారు ఉంటుంది, ప్రెషర్ లేకపోయినా తెరుస్తుంది, మూస్తుంది. మీకు అదే కావాలి. టైమర్ ముందు 120 మెష్ ఫిల్టర్ (సన్న జల్లెడ) తప్పనిసరి. మరలు కూడా చూసుకోండి. ఆన్‌లైన్‌లో అమెరికా మరలున్నవి వస్తాయి, మన ముప్పావు అంగుళం కుళాయికి రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతాయి. బలవంతం చేస్తే ప్లాస్టిక్ పగులుతుంది. నా చేతిలో రెండు పగిలాయి.

తణుకు గులాబీలు
వాన సెన్సర్ గురించి అడిగారు కదా. వేసవి నలభై రోజులకి అవసరం లేదు. అక్టోబరు, నవంబరు తుఫానులకి మాత్రం కావాలి.

అమలాపురం పెరడు
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. నీళ్ళలో ఉప్పు కొంచెం ఉంది, మొక్కల మొదలు దగ్గర పోయడానికి ఫర్వాలేదన్నారు. కాబట్టి స్ప్రింక్లర్ ఆలోచన మానేశాను, ఈ వేసవికి పచ్చిక వదిలేశాను. బాల్ వాల్వ్ టైమర్లు రెండు కొన్నాను. ఒకటి గులాబీ, నిమ్మ, కరివేపాకు డ్రిప్‌కి, ఉదయం 5:30. రెండోది కొబ్బరి పాదులకి. మల్లెకి వేరే గొట్టం, చేత్తో తిప్పే వాల్వు. ట్యాంకు నింపడానికి భీమవరం గారు చెప్పినట్టే ఆటో స్టార్టరు, కాంటాక్టరు, డ్రై రన్ రక్షణ పెట్టించాను. నాన్నగారు కుర్చీలో కూర్చుని డ్రిప్పర్లన్నీ లెక్కపెట్టారు, నలభై ఆరు. ఒక్కటే సమస్య. గోడ చివర ఉన్న ఎనిమిది డ్రిప్పర్లకి నీళ్ళు అందడం లేదు.

పాలకొల్లు పైపులు
గొట్టాన్ని ఒక చివర నుంచి కాకుండా మధ్యలో టీ పెట్టి రెండువైపులా పంచండి. అసలు గొట్టం 16 మి.మీ. అయితే దాన్ని 25 చేయండి, మొక్కల దగ్గరికి మాత్రమే 16 ఉంచండి. చివర మూతలు తీసి ఒకసారి నీళ్ళు వదలండి, కొత్త పైపుల్లో కోసిన ప్లాస్టిక్ పొట్టు ఉంటుంది. అప్పటికీ రాకపోతే ఫోటో పెట్టండి, చూస్తాను.

రావులపాలెం అరటి
కొబ్బరికి పాదు చెట్టు మొదలుకి ఆనించి కాదు, ఐదారు అడుగుల దూరం దాకా చేయించారా? వేసవిలో నేను చెట్టుకి రోజూ 40 లీటర్లు ఇస్తాను. పాదులో ఎండు మట్టలు, డొక్కలు పరిపించండి, తడి నాలుగు రోజులు నిలుస్తుంది.