వైరల్ జ్వరం పోయాక మెడ ముందు నొప్పి: మీలో ఎవరికైనా వచ్చిందా?

హన్మకొండ టీచర్:
నమస్తే అందరికీ. పోయిన నెల మా ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి సర్ది, జ్వరం వచ్చి పోయాయి. పిల్లలు, మా ఆయన మామూలుగా తిరుగుతున్నారు. నాకు దగ్గు కూడా ఆగి, ఇక గండం గడిచిందనుకున్నాక మెడ ముందు కింది భాగంలో నొప్పి మొదలైంది. గుటక వేస్తే నొప్పి, తల తిప్పితే నొప్పి, పుస్తెలతాడు ఒరుసుకున్నా నొప్పే. మొదట ఎడమ పక్కనే ఉండేది, అక్కడి నుంచి దవడకూ చెవికీ పోటు. ఇప్పుడు కుడి పక్కకు జరిగింది. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడుతుంది, కూర్చున్న చోటే గుండె దడ. దగ్గర్లోని క్లినిక్‌లో గొంతు ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్ రాశారు. కోర్సు మొత్తం వాడినా తేడా లేదు. మళ్లీ వెళ్తే ఇంకో యాంటీబయాటిక్, ఈసారి సూదులు. టార్చి వేసి చూసి లోపల ఎరుపు లేదు, చీము లేదు అని వాళ్లే చెప్పారు. మరి ఈ నొప్పి ఎక్కడిది? రాత్రిళ్లు నిద్ర లేదు, బడిలో పాఠం చెప్పేసరికి సోలిపోతున్నాను. ఇలా ఎవరికైనా అయితే చెప్పండి.

కాజీపేట అక్క:
చెల్లె, నువ్వు రాసింది గొంతు నొప్పిలా లేదు, థైరాయిడ్ గ్రంథి నొప్పిలా ఉంది. నాకు 2022లో కరోనా తర్వాత అచ్చం ఇట్లాగే వచ్చింది. ఒక పక్క తగ్గిందనుకుంటే ఇంకో పక్కకు పాకడం దీని గుణం. సబ్‌అక్యూట్ థైరాయిడైటిస్ అంటారు. స్విట్జర్లాండ్ సర్జన్ డి కెర్వాన్ 1904లోనే దీని గురించి రాశాడు, ఆయన పేరుతో కూడా పిలుస్తారు. వైరల్ జ్వరం వచ్చిన కొన్ని వారాలకు వస్తుంది, మగవాళ్లకంటే ఆడవాళ్లకే ఎక్కువ. గ్రంథి వాచి, లోపల నిల్వ ఉన్న హార్మోన్ రక్తంలోకి కారిపోతుంది. నీ గుండె దడ అందుకే అయ్యుండొచ్చు. ఇందులో బాక్టీరియా పాత్ర లేదు కాబట్టి ఎన్ని యాంటీబయాటిక్‌లు మింగినా లాభం ఉండదు. ఫిజీషియన్‌నో ఎండోక్రైనాలజిస్ట్‌నో (హార్మోన్ల డాక్టర్) కలువు. ఇంకో మాట, మెడ పట్టేసిందని ఇంట్లోవాళ్లు నూనె పెట్టి రుద్దుతామంటారు. రుద్దనియ్యకు.

సుబేదారి ల్యాబ్:
నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. జబ్బు పేరు డాక్టరే చెప్పాలి, నేను టెస్టుల సంగతి చెప్తాను. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్, రక్తంలో థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైతే ఇది తగ్గుతుంది) ఒక్కటే చేయించుకుని సరిపెట్టుకోవద్దు మేడం. ఫ్రీ టీ4 (రక్తంలోని థైరాయిడ్ హార్మోన్), ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపు ఉంటే పెరిగేది) కూడా కావాలి. ఈఎస్‌ఆర్‌కు ఖర్చు పెద్దగా ఉండదు. సన్నని గొట్టంలో రక్తం నింపి గంటసేపు నిలువుగా, కదలకుండా ఉంచుతాం. ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయో అదే రిపోర్టు. యాభై ఏళ్ల లోపు ఆడవాళ్లలో మామూలుగా 20 లోపు ఉంటుంది. ఈ రకం థైరాయిడ్ వాపులో 50 దాటడం సాధారణం, 100 దాటినవీ చూశాను. జుట్టు రాలుతుందని బయోటిన్ గోలీలు వాడుతుంటే ముందే చెప్పండి. కొన్ని మెషీన్లలో దానివల్ల టీఎస్‌హెచ్ లేనిపోని తక్కువ, టీ4 లేనిపోని ఎక్కువ కనబడతాయి. కనీసం రెండు రోజులు ఆపి రావాలి.

జనగామ వాసి:
పై మాటకు నా అనుభవం కలుపుతున్నాను. నా టీఎస్‌హెచ్ బాగా తక్కువ వచ్చిందని ఒకచోట వెంటనే కార్బిమజోల్ రాశారు. మెడ ముట్టుకుని చూసినవాళ్లు లేరు. రెండో డాక్టర్ మెడ నొక్కి చూసి ఆ గోలీ ఆపించారు. ఆ మందు గ్రంథి కొత్తగా హార్మోన్ తయారు చేయకుండా ఆపుతుంది. మనకు జరిగేది పాత నిల్వ కారిపోవడం. అక్కడ ఆ మందుకు పని లేదు, పైగా తెల్లకణాలు పడిపోయే ప్రమాదం ఒకటి. తేడా తెలియడానికి టెక్నీషియం స్కాన్ (రేడియోధార్మిక మందు కొద్దిగా ఎక్కించి గ్రంథిని ఫిల్మ్ తీసేది) తీశారు. గ్రంథి అతిగా పనిచేసే జబ్బులో అది స్కాన్‌లో నల్లగా, స్పష్టంగా కనిపిస్తుందట. నా ఫిల్మ్‌లో ఆ చోట దాదాపు ఏమీ లేదు. పాలిచ్చే తల్లులు స్కాన్‌కు ముందే ఆ సంగతి చెప్పాలి.

ములుగు తమ్ముడు:
అక్కా, మా అన్నది వేరే కథ. మేడారం జాతర నుంచి రాగానే జలుబు, తర్వాత గొంతుకు ఒక్క పక్కనే విపరీతమైన నొప్పి. నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోలేదు, నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు గొంతు మారిపోయింది, ఉమ్మి మింగలేక గుడ్డలోకి వదిలేవాడు. టాన్సిల్ వెనకాల చీముగడ్డ. ఈఎన్‌టీ డాక్టర్ సూదితో చీము లాగేశాక గానీ ఊపిరి పీల్చుకోలేదు ఇంట్లో ఎవరమూ. దీనికి మాత్రం యాంటీబయాటిక్ తప్పనిసరి.

ఎనుమాముల గుమస్తా:
నాకు జ్వరం పోయినా గొంతు రాలేదు. మిర్చి సీజన్, యార్డులో ఘాటు, పైగా రోజంతా అరవాల్సిన పని. మూడు నాలుగు వారాలైనా బొంగురు పోకపోతే స్వరతంతులు చూపించుకోవాలని ఈఎన్‌టీ వాళ్లు ముక్కులోంచి సన్నని కెమెరా పంపి చూశారు. వాపు మాత్రమే, నరం బాగానే ఉందన్నారు. గుసగుసగా మాట్లాడటం కూడా వద్దన్నారు, అది ఇంకా ఒత్తిడట.

నర్సంపేట అమ్మ:
మా బాబుకు మెడ పక్కన బిళ్లలు కట్టాయి. మెత్తగా, కదులుతూ ఉన్నాయి కాబట్టి ఆగి చూద్దామన్నారు, వాటంతటవే కరిగాయి. గట్టిగా ఉన్నా, పెరుగుతున్నా, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉన్నా మాత్రం టీబీ కోసం ఆ బిళ్లలోంచి సూదితో తీసి చేసే పరీక్ష చేయించాలన్నారు.

కరీంనగర్ స్టాఫ్ నర్స్:
ఇవన్నీ చదివి ఇంట్లో కూర్చోకూడని లక్షణాలు కొన్ని ఉన్నాయి. ఊపిరి పీల్చేటప్పుడు గొంతులో చప్పుడు, చొల్లు కారడం, పిల్లలు మెడ బిగబట్టి తల తిప్పకపోవడం, గొంతు నొప్పి తర్వాత చలిజ్వరంతో మెడ ఒక పక్క ఉబ్బడం. వీటిలో ఏది కనిపించినా రేపటి ఓపీ కోసం ఆగకండి. 108కి ఫోన్ చేయండి. పిల్లల నోట్లో స్పూన్ పెట్టి చూడాలని ప్రయత్నించవద్దు.

హన్మకొండ టీచర్:
మీ అందరి మేలు మరిచిపోను. టీఎస్‌హెచ్ బాగా తక్కువ, ఫ్రీ టీ4 ఎక్కువ, ఈఎస్‌ఆర్ 86. డాక్టర్ గారు మెడ మీద వేలు ఆనించగానే ఉలిక్కిపడ్డాను. కాజీపేట అక్క చెప్పిందే ఖాయమైంది. దడకు ప్రొప్రనలాల్ ఇచ్చారు. నొప్పి గోలీలతో సరిగ్గా తగ్గకపోతే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. మరుసటి రోజుకే మెడ తేలికపడింది, హాయిగా అన్నం తిన్నాను. కానీ నాకు షుగర్ బార్డర్‌లో ఉంది, స్టెరాయిడ్ అంటే టెన్షన్. నొప్పి పోయింది కదా, ఆపేయొచ్చా?

కాజీపేట అక్క:
సొంతంగా ఆపకు చెల్లె. డోసు వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి. తొందరగా తగ్గిస్తే నొప్పి మళ్లీ వస్తుంది. నాకు చిన్న డోసుకు దిగాక తిరగబెట్టింది, డాక్టర్ కొంచెం పెంచి మళ్లీ మెల్లగా దించారు. షుగర్ సంగతి ఆయనకు చెప్పు, పరగడుపునే కాకుండా తిన్నాక కూడా చూపించుకో, స్టెరాయిడ్ వల్ల పెరిగేది ఎక్కువగా మధ్యాహ్నం నుంచే. ఇంకా ముందుంది తెలుసుకో. నిల్వ అంతా అయిపోయాక గ్రంథి వెంటనే కోలుకోదు. అప్పుడు టీఎస్‌హెచ్ పెరిగి నీరసం, మలబద్ధకం, చలి. నేను కొన్ని నెలలు థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ గోలీ) వాడి ఆపేశాను. చాలామందికి మామూలైపోతుంది, కొద్దిమందికి మాత్రం గోలీ ఎప్పటికీ ఉంటుంది.

హన్మకొండ టీచర్:
బడి పిల్లలకు అంటుకునేదేమీ లేదు కదా అక్కా?

కాజీపేట అక్క:
లేదు. అంటుకునేది ఆ జలుబే, ఈ వాపు కాదు. నిశ్చింతగా పో.

సుబేదారి ల్యాబ్:
టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 డాక్టర్ చెప్పినట్టు నాలుగు నుంచి ఆరు వారాలకోసారి చేయించుకోండి మేడం, వీలైతే ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో. థైరాక్సిన్ మొదలైతే రక్తం ఇచ్చే రోజు పొద్దున గోలీ వేసుకోకుండా రండి, ఇచ్చాక వేసుకోండి.