‘చీ-చీ’ అంటే మన ఛీ ఛీయేనా?

ప్రశ్న:
హాబ్సన్-జాబ్సన్ తిరగేస్తుంటే (ఇండియాలో ఉన్న బ్రిటిష్ వాళ్లు వాడిన మాటల నిఘంటువు, 1886లో వచ్చింది) ‘చీ-చీ’ అనే మాట తగిలింది. తెల్లవాళ్లకూ మనవాళ్లకూ పుట్టిన సంతతిని, వాళ్లు మాట్లాడే ఇంగ్లిష్ యాసను వెక్కిరించడానికి వాడేవారట. ఇది మన ఛీ ఛీయేనా, లేక శబ్దం అలా కలిసిందా? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు:
మన ఛీ ఛీయే అని ఆ నిఘంటువు చెబుతోందండీ. దక్షిణాదివాళ్లు విసుగొచ్చినప్పుడు, మందలించేటప్పుడు ఛీ అంటారని, యూరేషియన్ల (మీరన్న ఆ మిశ్రమ సంతతి) నోట్లో ఆ మాట ఎక్కువగా ఆడుతుందని జనం అనుకుంటారని అందులో రాశారు. వాళ్ల ముద్దుముద్దు ఉచ్చారణ వినిపించిన తీరుకి పెట్టిన పేరు కూడా కావచ్చని ఇంకో ఊహ చేశారు. రాసిన ఇద్దరిలో బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసు మనిషి, తంజావూరులో జడ్జీగా చేశాడు, కాబట్టి దక్షిణాది మాట అన్నాడంటే ఊరికే అని ఉండడు. నాకైతే మొదటిదే నమ్మబుద్ధి అవుతుంది.

మాట పుట్టుక సరే, దీని చుట్టూ ఉన్న భయం సంగతి చూడండి. తెల్లవాళ్ల పిల్లలు ఇక్కడ ఆయాల చేతుల్లో పెరిగేవాళ్లు, ఇంగ్లిష్ కంటే ముందు ఆయా భాషే వచ్చేది, తెలుగో అరవమో హిందుస్తానీయో. అయిదేళ్లదాకా అది ముద్దుగానే ఉండేది. ఆరో ఏడో రాగానే ఓడ ఎక్కించి ఇంగ్లండు పంపేసేవాళ్లు, మళ్లీ తల్లిదండ్రుల మొహం చూడడానికి ఒక్కోసారి ఏళ్లు పట్టేది. ఎండ, కలరా, జ్వరాల భయం నిజమే, కాదనను, కానీ పిల్లవాడి నోటికి ‘చీ-చీ’ యాస పట్టుకుంటుందేమో అనే టెన్షన్ కూడా దాంతో సమానంగా ఉండేది. ఎందుకంటే మంచి ఉద్యోగాలకు మనుషుల్ని తీసుకునేది లండన్‌లో. ఇక్కడే పుట్టి ఇక్కడే చదువుకున్నవాడికి దక్కేవి రైల్వే, తంతి, కస్టమ్స్ లాంటి కొలువులు, అక్కడి పై మెట్లు కూడా సీమ (ఇంగ్లండు) నుంచి దిగినవాళ్లవే. అంటే మనిషి నోరు తెరిచిన మరుక్షణం వాడి తండ్రికి ఓడ టికెట్ కొనే స్తోమత ఉండిందా లేదా అన్నది అవతలివాళ్లకు తెలిసిపోయేది. అందుకే తల్లీ తండ్రీ ఇద్దరూ తెల్లవాళ్లే అయినా, కొండమీది బడుల్లో చదివి వచ్చిన కుర్రాణ్ణి ‘కంట్రీ-బార్న్’ అని పక్కన పెట్టేవాళ్లు, వాడి వెనకాల ఇదే ‘చీ-చీ’ అనేవాళ్లు. రంగుతో మొదలై డబ్బు దగ్గర తేలిన వెక్కిరింత ఇది.

మర్ల్ ఒబెరాన్ అనే హాలీవుడ్ నటి ఉండేది. 1911లో బొంబాయిలో, మిశ్రమ కుటుంబంలోనే పుట్టింది, కానీ టాస్మేనియాలో పుట్టానని జీవితాంతం చెప్పుకుంది. అంత పేరొచ్చాక కూడా.

వ్యాఖ్య:
మా తాతగారు బిట్రగుంటలో రైల్వేలో చేసేవారండీ. అక్కడి ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లను, గార్డులను ఊళ్లో అందరూ దొరా దొరా అనేవాళ్లట. మరి మనకు దొర అయినవాడు వాళ్లకు ఎందుకు కానివాడయ్యాడు?

పై జవాబు రాసినవారు:
మన దొర అన్న మాట బాగా ఉదారమైందండీ, టోపీ ఉంటే చాలు. నిజానికి తెల్లవాళ్లు రాకముందు నుంచే ఉన్న మాట, ఏజెన్సీలో కొండదొరలు ఇప్పటికీ ఉన్నారు, తెలంగాణలో దొర అంటే ఎవరో చెప్పక్కర్లేదు. దాన్నే వీళ్లకు తగిలించాం. హాబ్సన్-జాబ్సన్‌లో దొర కూడా ఉంది, ఉత్తరాదిలో సాహెబ్‌కి సమానం అని. బెంగాల్లో మేమ్‌సాహెబ్ అయితే మద్రాసు వైపు దొరసాని అని కూడా రాశారు. కలెక్టరూ దొరే, ఇంజను డ్రైవరూ దొరే, సికింద్రాబాద్ బారకాసుల్లో సోల్జరూ దొరే.

వాళ్ల లెక్క అలా కాదు. ఎవరి తర్వాత ఎవరో చెప్పే అధికారిక జాబితా ఒకటి ఉండేది, వైస్రాయ్‌తో మొదలై డజన్లకొద్దీ మెట్లు దిగుతుంది. విందుకి పిలిచిన ఇల్లాలు ఆ పుస్తకం ముందు పెట్టుకుని కుర్చీలు వేయించేది. అక్కడున్నవాళ్లలో పెద్ద హోదా ఆయన భార్య లేచి వెళ్తానంటే తప్ప ఇంకెవరూ కదలకూడదు, ఎంత నిద్రొస్తున్నా సరే. ఎవరి జీతమెంతో సివిల్ లిస్టులో అచ్చయి ఉండేది కాబట్టి దాచుకోవడానికీ ఏమీ లేదు. పైన ఐసీఎస్ (ఇండియన్ సివిల్ సర్వీసు) వాళ్లు, వాళ్లను ‘స్వర్గంలో పుట్టినవాళ్లు’ అనేవారు. సగం ఎగతాళి, సగం నిజంగానే. పెళ్లి సంబంధాల్లో ఐసీఎస్ వాడి విలువ ‘చచ్చినా బతికినా ఏడాదికి మూడు వందలు’, అంటే పౌన్లు, పోతే భార్యకొచ్చే పెన్షన్ అన్నమాట. ఆ ఐసీఎస్‌లో మళ్లీ, 1855లో పోటీ పరీక్ష పెట్టాక పాసై వచ్చినవాళ్లను ఈస్టిండియా కంపెనీ వాళ్ల హెయిలీబరీ కాలేజీ నుంచి వచ్చిన పాతవాళ్లు ‘కాంపిటీషన్‌వాలా’ అని తక్కువగా చూసేవాళ్లు. తర్వాత మిలటరీ. ఆ కింద వ్యాపారం, వాళ్లు ‘బాక్స్‌వాలా’లు. అసలు బాక్స్‌వాలా అంటే పెట్టె నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్ముకునే మనవాడు. పెద్ద కంపెనీ మేనేజరుకి ఆ పేరు పెట్టారంటే వెటకారం అర్థం చేసుకోండి. అందులోనూ టోకు వ్యాపారి క్లబ్బులోకి వస్తాడు, చిల్లర దుకాణం పెట్టినవాడు గేటు దగ్గరే ఆగిపోతాడు. ఇక పనీ పాటా లేకుండా తిరిగే తెల్లవాణ్ణి జనం చూస్తే పరువు పోతుందని 1874లో ప్రత్యేకంగా ఒక చట్టం చేసి, పట్టుకుని సీమకు ఓడ ఎక్కించేవాళ్లు.

1830ల చివర్లో రాజమండ్రి జడ్జీగారి భార్య ఇంటికి రాసిన ఉత్తరాలు తర్వాత పుస్తకంగా వచ్చాయి. సివిల్ వాళ్ల ఆడవాళ్లు నెమ్మదస్తులు, గొంతు పెగలదు, సాదాగా ఉంటారు, మిలటరీ వాళ్ల భార్యలు పడుచువాళ్లు, షోకులు, గోల అని రాస్తుందావిడ. మొగుడు జడ్జీ కదా, ఆవిడ ఏ వైపో తెలుస్తూనే ఉంది.

వ్యాఖ్య:
ఇంగ్లిష్‌లో ‘పాష్’ (posh, దర్జా అయిన) అనే మాట కూడా ఇలాగే వచ్చిందట కదా? ఇండియా వచ్చే ఓడలో వెళ్లేటప్పుడు ఎడమ వైపు (పోర్ట్ ఔట్), తిరిగొచ్చేటప్పుడు కుడి వైపు (స్టార్‌బోర్డ్ హోమ్) నీడ గదులు, ఆ నాలుగు మాటల మొదటి అక్షరాలు టికెట్ మీద కొట్టేవారని వాట్సాప్‌లో చూశాను.

పై జవాబు రాసినవారు:
అది కట్టుకథ. అలాంటి ముద్ర ఉన్న టికెట్ ఒక్కటీ దొరకలేదు.

వ్యాఖ్య:
అంతా చదివితే మన కులాలే గుర్తొస్తున్నాయి మాస్టారూ. వాళ్లకీ మనకీ తేడా ఏముంది?

పై జవాబు రాసినవారు:
అంత సులువుగా కలిపేయకండి. కులం మనిషితోనే వస్తుంది, ఊరు మారినా పోదు. వీళ్ల హోదా చాలామందికి బొంబాయి రేవులో దిగినప్పుడు వచ్చి, రిటైరై ఓడెక్కినప్పుడు పోయేది. ఇక్కడ పాతికమంది నౌకర్లతో బతికినవాడు అక్కడికెళ్లి చిన్న ఇంట్లో పెన్షన్ లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాడు. ఎక్కువమంది అక్కడ మధ్యతరగతివాళ్లే. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటామే, అదే. దేశం కాని దేశంలో ఉన్న కాసిని గౌరవం జారిపోతుందేమో అని కింది మెట్టువాణ్ణి మరింత గట్టిగా తొక్కి పట్టారని నా అభిప్రాయం. కానీ యూరేషియన్ల విషయంలో మీ పోలిక కొంతవరకు ఒప్పుకుంటాను. అది పుట్టుకతో వచ్చిందే, ఓడెక్కినా పోలేదు.

పనిలో పని, 1911 జనాభా లెక్కల్లో వాళ్లకు ‘ఆంగ్లో ఇండియన్’ అన్న పేరు అధికారికంగా ఇచ్చారు. అంతకుముందు ఆ మాటకు అర్థం ఇండియాలో కాపురముండే తెల్లవాడు. ‘చీ-చీ’ మాత్రం తిట్టే, నిఘంటువులో ఉంది కదా అని సరదాకి కూడా ఎవర్నీ అనకండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. అదే పుస్తకంలో మద్రాసు వాళ్లను ‘మల్’లు అన్నారని ఉంది. అదేమిటి?

పై జవాబు రాసినవారు:
మిళగు తణ్ణీర్, మన మిరియాల చారు. దాన్ని తెల్లవాళ్లు ‘ములిగటానీ’ చేశారు, అందులోంచి మొదటి ముక్క తెంపి మద్రాసు ప్రెసిడెన్సీలో కొలువు చేసే దొరలకు ముద్దుపేరు పెట్టారు. బెంగాల్ వాళ్లు ‘కోయ్ హై’లు (నౌకర్ని కేకేసే మాట), బొంబాయి వాళ్లు ‘బాతు’లు. మద్రాసు ప్రెసిడెన్సీకి ‘చీకట్లో ఉన్న ప్రెసిడెన్సీ’ అని ఇంకో పేరు కూడా, మిగతా రెండు ప్రెసిడెన్సీల వాళ్లు పెట్టింది. అంటే గుంటూరు, కడప కలెక్టర్లు ఇక్కడ ఎంత మహారాజుల్లా వెలిగినా కలకత్తా వాళ్ల కంటికి చారు తాగే చీకటి బాపతే!